విదేశీ యాత్రకు ఫోన్ అద్దెకు తీసుకోవాలా, సిమ్ మార్చుకోవాలా?

తిరుపతి నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లలో చాలామందికి ప్రయాణం ఇంటి ముందు కారెక్కడంతోనే మొదలవుతుంది. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై విమానాశ్రయానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. చిత్తూరు వైపు వాళ్లు పలమనేరు, ముల్బాగల్, కోలారు దాటి బెంగళూరుకు పోతారు. ఆ దారిలో సూట్‌కేసుల తూకం, పాస్‌పోర్టులు, ఊరగాయ డబ్బా మూత గట్టిగా పెట్టామా లేదా అన్నీ గుర్తుకొస్తాయి. ఎక్కడో తిరుత్తణి దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: “అక్కడ దిగినాక ఫోన్ ఎట్లా?”

ఆ ప్రశ్న కనీసం వారం ముందు రావాలి. ఎందుకంటే ఆ పనిలో సగం తిరుపతిలో ఉండగానే అయిపోవాలి. విమానం దిగాక కొన్ని పనులు అసలు చేయలేం, కొన్ని చేయగలిగినా రెండింతలు ఖర్చవుతుంది.

మన సిమ్‌కే రోమింగ్, అంటే విదేశీ నెట్‌వర్క్‌లో కూడా పనిచేసే సౌకర్యం వేసుకోవచ్చు. దిగిన దేశంలో సిమ్ కొనుక్కోవచ్చు. ఈ-సిమ్, అంటే కార్డు లేని సిమ్ అయితే ఇంట్లో కూర్చునే కొని ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు. పాకెట్ వైఫై అద్దెకు దొరుకుతుంది, ఫోనే అద్దెకు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంట్లోవాళ్లను, బంధువులను పంపి, నేనూ వెళ్లి వచ్చి ఏర్పరచుకున్న అభిప్రాయం ముందే చెప్తాను. మీ ఫోన్, మీ ఇండియా సిమ్ మీతోనే రావాలి. ఇంటర్నెట్ మాత్రం వెళ్లే దేశానికి తగినట్టు విడిగా కొనుక్కోండి. ఫోన్ అద్దెకు తీసుకోవడం ఇప్పుడు చాలా కొద్దిమందికే సరైన దారి. ఆ కొద్దిమంది ఎవరో కూడా చెప్తాను.

బీరువాలో ఉండిపోయిన సిమ్

మా అమ్మానాయన మొదటిసారి అమెరికాలో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు, అద్దెకిచ్చే ఒక సంస్థ దగ్గర ఫోను, సిమ్ రెండూ తీసుకున్నాం. “మన సిమ్ అక్కడ పనిచేయదు కదా, పోతే కష్టం” అని నాయన తన ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లారు. మొదటి మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు వచ్చింది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేద్దామంటే ఓటీపీ తిరుపతిలో బీరువాలో ఉన్న నంబరుకు పోతుంది. నేను తాళం తీసి, ఫోన్ చార్జింగ్ పెట్టి చూస్తే ప్రీపెయిడ్ రీచార్జ్ అయిపోయి మెసేజీలు కూడా రావడం ఆగిపోయింది. రీచార్జ్ చేసి, వాళ్లకు పగలు మనకు అర్ధరాత్రి అయిన వేళలో, ఓటీపీ వచ్చిన వెంటనే నేను చదివి చెప్తుంటే తమ్ముడు అక్కడ కొట్టేవాడు. మూడు సార్లు టైమ్ అయిపోయింది. ఆ రెండు రాత్రులు నాయన పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. డబ్బు ఎక్కడికీ పోదని తెలిసినా, తన డబ్బు మీద తనకు చెయ్యి ఆడకపోవడం ఆయనకు చాలా బాధగా ఉండింది.

తిరిగొచ్చాక అద్దె ఫోన్ అప్పగిస్తే, వెనకవైపు గీత పడిందని డిపాజిట్‌లో కొంత కోసుకున్నారు. ఆ గీత మాకు ఇచ్చినప్పుడే ఉందని చూపించడానికి మా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.

అందుకే ఏ దారి ఎంచుకున్నా మొదట చూడాల్సింది ఇంటర్నెట్ ధర కాదు. మీ ఇండియా నంబరుకు మెసేజీలు వస్తూ ఉండాలి. బ్యాంకు, ఆధార్, పెన్షన్, క్రెడిట్ కార్డు అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. తిరిగి రాగానే దర్శనం చేసుకుందామని అక్కడి నుంచే 300 రూపాయల టికెట్లు బుక్ చేయాలన్నా లాగిన్ కావడానికి ఆ నంబరే కావాలి.

ఇది పెద్ద ఖర్చు పని కాదు. విదేశంలో ఉన్నప్పుడు మన సిమ్‌కు వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా చార్జీ ఉండదు. అయితే అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకుని ఉండాలి. అదొక్కటే చాలదు. కొన్ని ప్లాన్లలో ఏదో ఒక రోమింగ్ ప్యాక్ ఉంటే తప్ప అక్కడి నెట్‌వర్క్ దొరకదు. మీ కంపెనీ యాప్‌లో వెళ్లే దేశం పేరు కొట్టి చూడండి, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కూడా ఒకసారి అడగండి: “ప్యాక్ లేకుండా ఆ దేశంలో నాకు మెసేజీలు వస్తాయా?” “రావు” అని చెప్తే, అన్నిటికన్నా చిన్న ప్యాక్ వేసుకుంటే సరిపోతుంది.

ఫోన్ అద్దె ఎందుకు పుట్టింది, ఇప్పుడు ఎవరికి అవసరం

ఒకప్పుడు ఫోన్ అద్దె నిజంగా అవసరం. మన దేశంలో జీఎస్ఎం అనే పద్ధతి ఫోన్లు 900, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల (సిగ్నల్ వచ్చే తరంగాల) మీద నడిచేవి. అమెరికాలో 850, 1900 వాడేవారు. అన్ని బ్యాండ్లూ పట్టే ఫోన్ ఖరీదుగా ఉండేది. జపాన్, దక్షిణ కొరియాల్లో అసలు జీఎస్ఎం నెట్‌వర్కే లేదు, అక్కడికి మన ఫోన్ తీసుకెళ్తే గడియారంగా తప్ప పనికొచ్చేది కాదు. పైగా అమెరికా వాళ్ల ఫోన్లకు ఎక్కువగా ఒకే సిమ్, అది కూడా ఒకే కంపెనీకి లాక్ అయి ఉండేది. అందుకే వాళ్లు బయటి దేశానికి పోతే ఫోన్ అద్దెకు తీసుకునేవారు.

మన పరిస్థితి వేరు. మన దగ్గర పది వేల రూపాయల ఫోన్‌కు కూడా రెండు సిమ్‌లు పడతాయి, అది ఏ కంపెనీకీ లాక్ అయి ఉండదు. విదేశీ ప్రయాణంలో ఇది మనకున్న పెద్ద సౌకర్యం. ఒక గూట్లో ఇండియా సిమ్, రెండో గూట్లో అక్కడి సిమ్ వేసుకుంటే అద్దె ఫోన్ చేసే పని మొత్తం అయిపోతుంది. మీ ఫోటోలు, మీ కాంటాక్టులు, తెలుగు కీబోర్డు అన్నీ మీ చేతిలోనే ఉంటాయి. డెబ్బై ఏళ్ల మనిషికి కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని ఉండదు. నా లెక్కలో డబ్బు ఆదా కన్నా ఇదే పెద్దది.

మరి అద్దె ఎవరికి? మొదట, కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లకు. 2జీతో మాత్రమే నడిచే ఫోన్ ఇప్పుడు చాలా దేశాల్లో పనికిరాదు. సింగపూర్ 2017లోనే 2జీని ఆపేసింది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీని కూడా మూసేశాయి. అవ్వ చేతిలోని చిన్న ఫోన్‌కు ఇండియా సిమ్ రోమింగ్ ఉన్నా అక్కడ సిగ్నల్ రాదు. అయితే పిల్లల ఇంటికి నెలల తరబడి వెళ్తుంటే అద్దె కట్టడం కన్నా, ఇంట్లో పక్కన పెట్టిన పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి సరిచేసి ఇవ్వడం మేలు. ప్రయాణానికి ఒక నెల ముందే ఇచ్చి తిరుపతిలోనే అలవాటు చేయించండి. ఓటీపీ సిమ్ కూడా అందులోనే వేయండి.

ఇంకొకరు, ప్రయాణంలో ఫోన్ పగిలినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకు వారం పది రోజులకు అద్దె ఫోన్ ఉపయోగమే. మూడో సందర్భం ఆఫీసు పని. కంపెనీయే ఫోన్ ఇచ్చి బిల్లు కట్టే చోట మనం ఆలోచించాల్సింది లేదు, సొంత ఫోన్ కూడా వెంట ఉంచుకుంటే చాలు.

అద్దెకు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఫోన్ నాలుగు వైపులా ఫోటోలు, స్క్రీన్ వెలిగించి ఒక చిన్న వీడియో తీసుకోండి. అద్దె రోజుకా, 24 గంటలకా అడగండి. మన విమానం తెల్లవారుజామున దిగితే ఈ తేడాతో ఒక రోజు అద్దె పెరుగుతుంది. డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది, చార్జర్ పోతే ఎంత, స్క్రీన్ పగిలితే ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. అద్దె ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ, మెయిల్ లాగిన్ పెట్టొద్దు. వాట్సాప్ పెట్టాల్సి వస్తే తిరిగి ఇచ్చేముందు లాగౌట్ చేసి, ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసే ఫ్యాక్టరీ రీసెట్ మీరే చేయండి. “మేము చేస్తాం సార్, ఇచ్చేయండి” అన్నా వినొద్దు. అందులో మీ మనవరాలి ఫోటోలుంటాయి.

పాకెట్ వైఫై: గుంపుకు బాగుంటుంది, ఒక షరతుతో

చేతిలో పట్టేంత చిన్న డబ్బా ఇది. అందులో అక్కడి సిమ్ ఉంటుంది, అది వైఫై ఇస్తే నలుగురైదుగురు తమ ఫోన్లు కలుపుకోవచ్చు. ఎవరి ఫోన్‌లోనూ సిమ్ మార్చక్కర్లేదు. జపాన్‌లో ఇది బాగా అలవాటైన పద్ధతి. నరిత, హనెడా, కన్సాయ్ విమానాశ్రయాల్లో కౌంటర్లు ఉంటాయి. చాలా సంస్థలు తిరుగు కవరు కూడా ఇస్తాయి, వెళ్లేటప్పుడు అందులో పెట్టి పోస్టు డబ్బాలో వేసేయొచ్చు. జపాన్‌లో టూరిస్టులకు దొరికే సిమ్‌లు ఎక్కువగా డేటాకే తప్ప మాట్లాడే నంబరు ఇవ్వవు కాబట్టి, కుటుంబంగా వెళ్తే అక్కడ పాకెట్ వైఫైని నేను సిఫారసు చేస్తాను.

షరతు ఏమిటంటే, గుంపు ఎప్పుడూ కలిసే ఉండాలి. మేము ఆరుగురం సింగపూర్ వెళ్లినప్పుడు ఒక్క పాకెట్ వైఫైతో సరిపెట్టాం. రెండో రోజు సాయంత్రం లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్‌కు పోయాం. అంత పెద్ద షాపులో మా వదిన, పిన్నమ్మ ఒక అంతస్తులో, డబ్బా పట్టుకున్న మా బావ ఇంకో అంతస్తులో. పాకెట్ వైఫై పరిధి అంత దూరం రాదు. ఆ డబ్బా చార్జింగ్ కూడా పొద్దున్నుంచి వాడి అయిపోవచ్చింది. గంటకు పైగా ఒకరినొకరు వెతుక్కున్నాం. పిన్నమ్మ భయపడి గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి గుంపులో ఎంతమంది ఉన్నా కనీసం ఇద్దరి ఫోన్లలో సొంత డేటా, పెద్దవాళ్లలో ఒకరి దగ్గర తప్పకుండా సొంత సిమ్ ఉండాలని నియమం పెట్టుకున్నాం. వైఫై డబ్బాతో పాటు పవర్‌బ్యాంక్ కూడా తీసుకెళ్లండి, దాన్ని చేతి సంచిలోనే పెట్టండి. చెక్-ఇన్ లగేజీలో పవర్‌బ్యాంక్‌ను అనుమతించరు.

రోమింగ్ ప్యాక్ ఎప్పుడు మేలు

మూడు నాలుగు రోజుల ప్రయాణమైతే రోమింగ్ ప్యాక్ వేసుకుని హాయిగా వెళ్లండి. ఏ సిమ్ మార్చే పని లేదు, మీ నంబరే పనిచేస్తుంది, ఇక్కడ కీప్యాడ్ ఫోన్ వాడే ఇంటి పెద్దలు మామూలుగా ఫోన్ చేయొచ్చు. రోజులు పెరిగే కొద్దీ లెక్క తిరగబడుతుంది. రోజుకు 500 రూపాయలు పడే ప్యాక్ అనుకుందాం. మూడు రోజులకు 1500, ఇబ్బంది లేదు. ఇరవై రోజులకు పది వేలు, నలుగురికి నలభై వేలు. అదే ఇరవై రోజులకు అక్కడి సిమ్ కొంటే చాలా దేశాల్లో అందులో చిన్న భాగంతో అయిపోతుంది. మీ కంపెనీ నేటి ధర చూసి ఈ గుణకారం ఒకసారి కాగితం మీద వేసుకోండి.

ప్యాక్ కొనేముందు అందులో ఏ దేశాలున్నాయో చదవాలి. చెన్నై నుంచి అమెరికాకు పోతే మధ్యలో దోహాలోనో, దుబాయ్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆగుతాం. అమెరికాకు మాత్రమే ఉన్న ప్యాక్ మధ్య దేశంలో పనిచేయదు. అక్కడ డేటా ఆన్ అయితే విడి చార్జీ పడుతుంది. దిగాల్సిన దేశం వచ్చేదాకా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచి, మధ్య విమానాశ్రయంలో వైఫై వాడుకోండి. విమానంలో, సముద్రం మీద క్రూయిజ్ షిప్‌లో కూడా ఇదే జాగ్రత్త. అక్కడ ఫోన్ పట్టుకునేది ఉపగ్రహం ద్వారా నడిచే నెట్‌వర్క్‌ను. మామూలు ప్యాక్‌లో అది ఉండదు, ధర చాలా ఎక్కువ.

చైనాకు వెళ్లేవాళ్లకు మాత్రం రోమింగ్‌కే ఓటు వేస్తాను. అక్కడి సిమ్‌తో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో డేటా మన కంపెనీ ద్వారానే తిరిగి వస్తుంది కాబట్టి అవి పనిచేస్తాయి.

అక్కడి సిమ్, ఈ-సిమ్

వారం దాటితే నా మొదటి ఎంపిక ఇదే. శ్రీలంక, థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్‌లకు మన వైపు నుంచి టూర్లు ఎక్కువ. ఈ దేశాల విమానాశ్రయాల్లో బయటికి వచ్చే దారిలోనే సిమ్ కౌంటర్లు ఉంటాయి. పాస్‌పోర్టు చూపిస్తే అక్కడికక్కడే నమోదు చేసి ఇస్తారు. కౌంటర్ దాటి రాకముందే ఒక ఫోన్ చేసి, ఒక వెబ్ పేజీ తెరిచి చూసుకోండి. బస్సెక్కాక పనిచేయలేదంటే వెనక్కి పోలేరు. తీసిన ఇండియా సిమ్ ఉంటే దాన్ని చిన్న కాగితంలో మడిచి పాస్‌పోర్టు కవరులో టేపుతో అంటించండి, పర్సులో పడేయొద్దు. సిమ్ తీసే పిన్ను కూడా వెంట ఉండాలి.

ఈ-సిమ్ అంటే చిప్ ముందే ఫోన్‌లో ఉంటుంది, మనం కొనేది క్యూఆర్ కోడ్ ఒక్కటే. మీ ఫోన్‌లో ఉందో లేదో తెలియాలంటే *#06# నొక్కండి. ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబరుతో పాటు ఈఐడీ అనే పొడవాటి నంబరు కనిపిస్తే ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి ఉంది. ఎయిరాలో, హోలాఫ్లై వంటివి దాదాపు అన్ని దేశాలకూ ఈ-సిమ్ అమ్ముతాయి. చాలావాటిలో డేటా మాత్రమే ఉంటుంది, మాట్లాడే నంబరు రాదు. వాట్సాప్ కాల్స్‌తో గడిచిపోయేవాళ్లకు అది చాలు. హోటల్‌కో, టాక్సీ డ్రైవర్‌కో మామూలు ఫోన్ చేయాల్సిన పని ఉంటే చాలదు.

ఈ-సిమ్ ఎక్కించడానికి ఇంటర్నెట్ కావాలి. అందుకని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఎక్కించుకుని, ఆన్ చేయడం మాత్రం అక్కడ దిగాక చేయండి. కొన్ని ప్లాన్లకు ఎక్కించిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, కొన్నిటికి అక్కడి నెట్‌వర్క్ తగిలిన క్షణం నుంచి. కొనేచోట అది రాసే ఉంటుంది, చదవండి. క్యూఆర్ కోడ్ అదే ఫోన్‌లో ఉంటే స్కాన్ చేయడం కష్టం. ఇంకో ఫోన్‌కు పంపుకోండి లేదా గాంధీ రోడ్డులో ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీసుకోండి. యాత్ర అయ్యేదాకా పొరపాటున కూడా ఆ ఈ-సిమ్‌ను డిలీట్ చేయొద్దు, చాలావాటిని రెండోసారి ఎక్కించడం కుదరదు.

ఒక మాట గట్టిగా చెప్తాను. ప్రయాణం ముందు మీ ఇండియా సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవద్దు. గూడు ఖాళీ అవుతుందని కొందరు ఆ సలహా ఇస్తారు. మామూలు సిమ్ అయితే అక్కడ ఫోన్ పగిలినా ఇంకో ఫోన్‌లో వేసుకుంటే నంబరు బతుకుతుంది. ఈ-సిమ్ ఆ ఫోన్‌తోనే ఆగిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం పరాయి దేశం నుంచి చాలా కష్టం. ఇండియాది చేతికి తగిలే సిమ్‌గానే ఉంచి, విదేశానిది ఈ-సిమ్‌గా పెట్టుకోవడమే సరైన వరుస.

రెండు సిమ్‌లూ ఉన్నప్పుడు సెట్టింగ్స్‌లో డేటాకు విదేశీ సిమ్‌ను ఎంచుకుని, ఇండియా సిమ్ డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఒక సిమ్ సిగ్నల్ తగ్గితే ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారే సౌకర్యం కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్ని కూడా ఆపేయాలి. కొత్త సిమ్ వేయగానే “నంబరు మార్చుకుంటారా?” అని వాట్సాప్ అడిగితే వద్దనే చెప్పండి. పాత నంబరు మీదే అది నడుస్తుంది, ఊళ్లో అందరికీ అదే తెలుసు.

దేశాన్ని బట్టి మారేవి

అమెరికాకు నెలల తరబడి వెళ్లే అమ్మానాన్నలకు, అక్కడున్న పిల్లలు తమ ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ కలపడమో, ప్రీపెయిడ్ సిమ్ కొనివ్వడమో అన్నిటికన్నా తేలిక. ఒక చిక్కు ఉంది. 3జీ పోయాక అక్కడ ఫోన్ కాల్ కూడా 4జీ మీదే, అంటే వోల్టీ ద్వారానే పోతుంది. అక్కడి పెద్ద ఫోన్ కంపెనీల్లో ఒకటైన ఏటీ అండ్ టీ తన నెట్‌వర్క్‌కు పనికొచ్చే ఫోన్ల జాబితా పెట్టుకుంది, మనం ఇక్కడ కొన్న చాలా ఆండ్రాయిడ్ మోడళ్లు అందులో ఉండవు. సిమ్ కొనేముందు ఫోన్ ఐఎంఈఐ నంబరు పిల్లలకు పంపితే వాళ్లు ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూసి చెప్తారు. ఇది వారం ముందు తిరుపతి నుంచే చేయగలిగిన పని.

యూరప్ టూర్‌కు వెళ్తే మొదటి దేశంలో కొన్న సిమ్ మిగతా యూరోపియన్ యూనియన్ దేశాల్లో కూడా అదనపు చార్జీ లేకుండా పనిచేస్తుంది. 2017 జూన్ నుంచి ఆ నిబంధన ఉంది. కానీ మన ప్యాకేజీల్లో పారిస్ పక్కనే ఉండే స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. ఇంగ్లండ్ కూడా లేదు. ప్లాన్‌లో ఆ పేర్లు విడిగా రాసి ఉన్నాయేమో చూసుకుని కొనండి.

దుబాయ్, అబుదాబిలలో వాట్సాప్ మెసేజీలు పోతాయి, వాట్సాప్ కాల్స్ మాత్రం అక్కడి నెట్‌వర్క్‌లో ఆపేసి ఉంటాయి. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడతారు. ఇక్కడ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా అది వేసి, వెళ్లకముందే ఒకసారి మాట్లాడి చూడండి. లేకపోతే దిగిన రోజు రాత్రంతా అమ్మ కాల్ కోసం కాచుకుని కూర్చుంటుంది.

మన తిరుమలలాగే 108 దివ్యదేశాల్లో ఒకటైన నేపాల్‌లోని ముక్తినాథ్‌కు మన వైపు నుంచి యాత్రికులు బాగా వెళ్తారు. అది దాదాపు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. ఖాట్మండులో, పోఖరాలో ఏ సిమ్ అయినా పనిచేస్తుంది గానీ, కొండల్లోకి పోయే కొద్దీ నేపాల్ టెలికామ్ సిగ్నల్ మెరుగని వెళ్లొచ్చినవాళ్లు చెప్తారు. బస్సుకు ఇద్దరు ఆ సిమ్ తీసుకుంటే చాలు. ముక్తినాథ్ దారిలో ఉండే జోమ్‌సోమ్ దాటాక ఫోన్ రాకపోవచ్చని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి. ట్రెక్కింగ్ కోసం శాటిలైట్ ఫోన్ ఎవరైనా అద్దెకిస్తామన్నా దాన్ని మన దేశంలోకి తేవొద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా ఇక్కడ అది ఉంటే కేసు అవుతుంది.

యూపీఐ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. సింగపూర్, యూఏఈ, నేపాల్, భూటాన్‌లతో పాటు 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంక, మారిషస్‌లలో కూడా కొన్ని షాపుల్లో మన యూపీఐతో కట్టొచ్చు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకోవాలి. దీనికి కూడా ఇండియా సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, అద్దె ఫోన్‌తో కుదరదు.

బయలుదేరేముందు రాత్రి, తిరిగొచ్చిన రాత్రి

వెళ్లే ఊరి మ్యాప్‌ను గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసుకోండి. హోటల్ చిరునామా, పిల్లల ఇంటి చిరునామా, అక్కడి ఇద్దరి నంబర్లు దేశం కోడ్‌తో సహా కాగితం మీద రాసి పెద్దవాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఎవరికైనా ఆ కాగితం చూపించొచ్చు. ఇక్కడి నంబర్లను కూడా ముందు +91 పెట్టి సేవ్ చేసుకుంటే అక్కడి నుంచి నేరుగా డయల్ అవుతాయి.

రీచార్జ్ గడువు మాత్రం తిరుగు ప్రయాణం తేదీ దాటి ఇంకో వారం ఉండేట్టు వేయండి. రోమింగ్ ప్యాక్ వేరు, మామూలు రీచార్జ్ వేరు. మొదటిది ఉంది కదా అని రెండోది మర్చిపోతారు. రాత్రి రెండు గంటలకు చెన్నైలో దిగి, సామాను తీసుకుని బయటికి వస్తే, తిరుపతి నుంచి వచ్చిన డ్రైవర్ ఎక్కడో పార్కింగ్‌లో ఉంటాడు. అప్పటికి అక్కడి సిమ్ ఆగిపోయి ఉంటుంది. అతనికి ఫోన్ కలవాల్సింది మన సిమ్ నుంచే.